ముత్తాత తెడ్డు

దుబాయ్ దాటితే వచ్చే ఉమ్ అల్ క్వైన్‌లో నేను ట్యాంకులు కడిగిన ఫ్యాక్టరీ యజమాని అమెరికా వాడు. నాలుగు తరాలుగా బీరు కాచిన ఇంట్లో పుట్టి, ఈ ఎడారికి వచ్చి మత్తు లేని బీరు కాయడానికి కూర్చున్నాడు. ఆ మాట వినగానే నవ్వాను. కల్లు గీసే ఇంట్లో పుట్టి తాటిచెట్టు ఎక్కడం రానివాణ్ణి, ఆయన్ని చూసి నవ్వే అర్హత నాకెక్కడిది? అయినా నవ్వు ఆగలేదు.

నా సంగతి ముందు చెప్పాలి. మాది తెలంగాణలో గౌండ్ల ఇల్లు. అయ్య గీతగాడు, ఆయన తర్వాత అన్న. నాకు పదిహేనేళ్ళప్పుడు నడుముకు మోకు కట్టి నన్నూ చెట్టెక్కించారు. సగం దాకా పోయి కిందికి చూశాను. అంతే, కాళ్ళు చచ్చుబడిపోయాయి. చెట్టును కరుచుకుని ఏడుస్తుంటే అన్న ఎక్కివచ్చి పిల్లిపిల్లను దించినట్టు దించాడు. కింద సగం ఊరు నిలబడి చూసింది. ఆ రోజునుంచి నేను "చెట్టెక్కని గౌడు". అయ్య పోయాక ఆయన మోకు అన్న తీసుకున్నాడు. "నీకెందుకురా ఇది, దండెం గట్టుకుంటవా?" అన్నాడు. నవ్వులాటకే అన్నాడేమో. నాకు మాత్రం ఇరవై ఏళ్ళు గుచ్చుకుంది. ఆ ఉక్రోషంతోనే దుబాయ్ వచ్చాననుకోండి.

చెట్టు రాకపోయినా నాకు ముక్కు వచ్చింది. చెట్టుకు కట్టి కల్లు పట్టే కుండను మేం లొట్టి అంటాం. లొట్టి మూతి దగ్గర ముక్కు పెడితే చాలు, అది తాటిదో ఈతదో, ఎప్పుడు దించిందో, ఎవరైనా నీళ్ళు కలిపారో లేదో చిన్నప్పుడే చెప్పేవాణ్ణి. దానికొక విలువ ఉంటుందని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

కరోనా వచ్చిన ఏడాది దుబాయ్‌లో నేను పనిచేసే హోటల్ మూతపడింది. అల్ కుసైస్‌లో ఆరుగురం ఒక గదిలో, ఒకరి దగ్గు విని ఒకరం ఉలిక్కిపడుతూ నెలలు గడిపాం. ఆ మరుసటి ఏడు, పాత గదిలో నాతో ఉండిన నెల్లూరు భాయ్ ఫోన్ చేశాడు. ఆయన ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు, నాకంటే పదేళ్ళు పెద్ద. "అబ్బయా, ఇక్కడ కొత్త ఫ్యాక్టరీ పెడతా ఉండారు. ట్యాంకులు కడిగే మనిషి కావాలంట. యల్లా, సంచి సర్దుకో" అన్నాడు. సర్దుకోవడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. మర్నాడే వెళ్ళాను.

పని తేలికైనదే. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళలో నానబెడితే తియ్యటి రసం దిగుతుంది. అందులో ఒకరకం చేదు పువ్వు వేసి మరిగిస్తారు. చల్లార్చి, రెండు నిలువుల ఎత్తు స్టీలు ట్యాంకుల్లో మూడు రోజులు తేరనిచ్చి, గ్యాసు ఎక్కించి సీసాలకు పడతారు. పులియబెట్టరు. పులిస్తే మత్తు వస్తుంది, మత్తు వస్తే ఆ సరుకు ఇక్కడి కిరాణా కొట్లో అమ్మనివ్వరు. ప్రభుత్వ ల్యాబ్‌కు మచ్చు పంపి, మత్తు లేదని కాగితం తెచ్చుకున్నాకే ఫ్యాక్టరీ తెరవాలి. ట్యాంకు ఖాళీ అయినప్పుడల్లా కింది తలుపులోంచి లోపల దూరి రుద్ది, ఆవిరి పట్టి, మెరిసేదాకా కడగడం నా పని. అన్నం తినే కంచం కూడా అంత శుభ్రంగా కడిగి ఎరగను.

యజమాని అరవై దాటిన మనిషి. పొడుగు, ఎర్రటి చెవులు, ఎప్పుడూ ఒకటే పాత టోపీ. మిగతా ముదీర్లు, అదే మేనేజర్లు, ఏసీ గదుల్లో కూర్చుంటే ఈయన మాత్రం చాయ్ వేళకు మా బల్ల మీదికొచ్చి కూర్చునేవాడు. మా మధ్య మాటలు సగం ఇంగ్లీషులో, సగం చేతుల్తో నడిచేవి. నాకు రానిది భాయ్ తెలుగులో విప్పి చెప్పేవాడు. అలా చాయ్ చాయ్‌కీ ఇంతింత చొప్పున ఆయన బతుకంతా విన్నాను.

వాళ్ళ ఊరికి వాళ్ళ ఫ్యాక్టరీ సైరనే గడియారమట. పిల్లలు బడికి పరుగెత్తేదీ, ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేదీ ఆ కూతతోనే. ముత్తాత వేరే దేశం నుంచి ఓడలో వచ్చాడు, ఒక చెక్క తెడ్డు వెంట తెచ్చుకున్నాడు. ఆ తెడ్డుతో మొదలుపెట్టిన బీరు తాత కాలానికి మేడలయింది. ఇల్లు ఎంత పెద్దదంటే చిన్నప్పుడు అందులో తప్పిపోయి, వంటమనిషి వెతికి పట్టుకునేదాకా ఏడ్చానని చెప్పాడు. అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడికి కుర్చీ, రెండోవాడికి అమ్మకాలు. ఈయన మూడోవాడు. "ఫోటోలో నవ్వుతూ నిలబడటం నా ఉద్యోగం" అన్నాడు. పదేళ్ళప్పుడు తాత ఆయన్ని నేలమాళిగకు తీసుకెళ్ళి, చేతి మీద చేయి వేసి, ఆ తెడ్డుతో మూడుసార్లు కలిపించాడట. అప్పటినుంచీ బీరు కాచేవాణ్ణే అవుతానని పట్టుబట్టాడు. తండ్రి ఒప్పుకోక వ్యాపారం చదివించాడు. పడవల కంపెనీ పెడితే మునిగింది. హోటల్ పెడితే మూతపడింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటామే, అదీ ఆయన కథ. మధ్యలో సొంత సరుకు తనే తాగి పాడై, తేరుకుని, పూర్తిగా మానేశాడు.

చివరికి అన్నలు కంపెనీని ఎవరికో అమ్మేశారు. సైరన్ ఆగిపోయింది. పంపకాల్లో అందరూ మేడలూ పటాలూ పంచుకుంటుంటే ఈయన తెడ్డు అడిగాడు. అన్నలు నవ్వి ఇచ్చారు. "తాగనివాడికీ బీరు రుచి కావాలనిపిస్తుందని నాకంటే బాగా ఎవడికి తెలుసు? అందుకే ఇక్కడికొచ్చాను" అన్నాడు. ఆ మాట భాయ్ నాకు విప్పి చెబుతుంటే, నాకు మా అయ్య మోకు గుర్తొచ్చింది. ఆయనకు అడిగితే ఇచ్చారు, నాకు అడగకముందే లేదన్నారు. ఆ రోజునుంచి ఆయన్ని చూసి నవ్వడం మానేశాను.

ఆ తెడ్డు నేను చూశాను. మనిషెత్తు, నల్లబడిన చెక్క, పిడి దగ్గర తరతరాల బొటనవేలు అరిగిన గుంట. మెత్తటి గుడ్డలో చుట్టి తన గదిలోనే పెట్టుకునేవాడు. పెద్ద ట్యాంకులో రసం చల్లారగానే దాన్ని తనే వేడినీళ్ళతో కడిగి, నిచ్చెనెక్కి, మూత తీసి, కళ్ళు మూసుకుని మూడుసార్లు కలిపేవాడు. వాళ్ళ ఇంటి ఆచారం అది. మా ఇంట్లో మొదటి కల్లు ఎల్లమ్మకు నేల మీద పోసినట్టే. అందుకే నాకది తప్పుగా తోచలేదు. కెమిస్టు మేడం కూడా అటు తిరిగి నిలబడేది. కేరళ ఆవిడ, పనిలో చండశాసనురాలు. ఆవిడకూ దేవుడి గది ఉంది మరి.

మొదటి మచ్చు ల్యాబ్‌కు వెళ్ళింది. మత్తు ఉందని తిరిగొచ్చింది.

మేడం తన గదిలో చిన్న జాడీల్లో చేసిన రసం మాత్రం నిక్షేపంగా ఉంది. పెద్ద ట్యాంకులోదే పులుస్తోంది. నీళ్ళు మార్చారు, పైపులు మార్చారు. రెండో మచ్చు పంపారు. అదీ తిరిగొచ్చింది. ఫ్యాక్టరీలో సగం భాగస్వామి ఇక్కడి అరబ్బు షావుకారు, అందరం అర్బాబు అంటాం. మంచి మనిషే, కానీ ఆయన ఓపికకూ హద్దుంది. మూడోది కూడా తప్పితే ఖలాస్ అన్నాడు, షెడ్డును గోదాముగా అద్దెకిచ్చేస్తానన్నాడు. అంటే నలభై మందిమి మళ్ళీ సంచి సర్దుకోవాలి. మా సారుకు పడవలు, హోటల్ తర్వాత ఇది మూడో మునక. నాలుగోదానికి వయసు లేదని ఆయనే అన్నాడు.

ఇక తప్పెవరిది? జాడీ బాగుంది, ట్యాంకు బాగాలేదు. ట్యాంకు కడిగేది ఎవరు? నేను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వేళ్ళన్నీ నా వైపు తిరిగాయి. మేడం నా వెనకే టార్చిలైటు వేసుకుని ట్యాంకులో మూలమూలా చూసేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను.

ఆ ముక్కుకే అసలు సంగతి దొరికింది. రెండో మచ్చు పంపిన రోజు నేను ట్యాంకు అడుగు కుళాయి దగ్గర మాస్కు కిందికి లాగాను. పొద్దున దించిన లొట్టి ఎండ ఎక్కేసరికి పొంగుతున్నప్పుడు వచ్చే వాసన! తియ్యగా మొదలై చివర్లో కాస్త గుచ్చుతుంది. ఉమ్ అల్ క్వైన్‌లో, స్టీలు ట్యాంకు పక్కన, మా ఇంటి వాకిలి వాసన కొట్టింది. సారు నా పక్కనే నిలబడి మచ్చు సీసా మీదికి వంగి గట్టిగా పీల్చాడు. "శుభ్రంగా ఉంది" అన్నాడు.

నాలుగు తరాల బీరు ఇంటి మనిషికి ఇది తెలియకపోవడమా అని ఆశ్చర్యపోయాను. రెండు రోజుల తర్వాత తెలిసింది. చాయ్ గదిలో పాలు మాడి కంపు కొడుతున్నాయి. వరండాలోంచి మేం పరుగెత్తాం. ఆయన ఆ పొయ్యి పక్కనే కూర్చుని కాగితాలు చూసుకుంటున్నాడు. నేను గిన్నె దించి ఆయన ముఖం చూశాను. నా ముఖం చూసి ఆయనకూ అర్థమైంది. కరోనా వచ్చి తగ్గిందట, వాసన మాత్రం తిరిగి రాలేదట. ఎవరికీ చెప్పలేదు. "ముక్కు లేనివాడు బీరు కాస్తున్నాడంటే మా అన్నలు పడీ పడీ నవ్వుతారు" అన్నాడు. నాకు చాలా జాలేసింది. కింద ఊరంతా చూస్తుండగా సగం చెట్టు మీద ఇరుక్కోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆ శుక్రవారం అన్నకు ఫోన్ చేశాను. మేం మాట్లాడుకునేది పండగకో, చావుకో. అతనికే ఆశ్చర్యమేసింది.

"అన్నా, నీరా పులవకుంట ఎట్ల పడ్తరే?"

"ఏమ్రా, దుబాయ్‌ల కల్లు దుకాణం పెడ్తున్నవా?"

"నవ్వుడు తర్వాత, ముందుగాల చెప్పు."

"కొత్త లొట్టి గట్టాలె, లోపట సున్నం పుయ్యాలె. పాత లొట్టి గడ్తే అయిపాయె. ఎంత కడుగు, ఎంత కాల్చు, నిన్నటి కల్లు దాని పెయ్యిల ఉంటది. పొయ్యంగనే పులుస్తది. అందుకే గద మనం కల్లుకు పాత లొట్టే గట్టేది."

ఫోను చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. పాత లొట్టి. ఆ ఫ్యాక్టరీలో స్టీలు కానిది, కొత్తది కానిది, నేను కడగనిది ఒక్కటే ఉంది. మేడం జాడీల్లోకి అది ఎప్పుడూ దిగలేదు. నూరేళ్ళు బీరు తాగిన చెక్క అది. వాళ్ళ తాతల కాలంలో దానివల్లే రసం పులిసి బీరయ్యేదేమో, అందుకే దాన్ని దీవెన అనుకున్నారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. తెడ్డుకైనా అంతే.

భాయ్‌తో చెప్పాను. ఆయన అటూ ఇటూ చూశాడు. "నువ్వు చెప్పేది నిజమే అయ్యుండొచ్చబ్బయా. కానీ ఆయన అన్నీ పోగొట్టుకొని అదొక్కటే తెచ్చుకున్నాడు. అదే నిన్ను ముంచిందని ఏ నోటితో చెప్తావు? పిల్లి మెళ్ళో గంట నేను కట్టను సామీ" అన్నాడు. నాకూ నోరు రాలేదు. రెండు రోజులు తలవంచుకుని ట్యాంకులు కడిగాను.

మూడో రోజు మేడం కాగితం తెచ్చింది. ట్యాంకులు సరిగా కడగలేదని ఒప్పుకుంటూ నేను సంతకం పెట్టాలి. సారు అప్పుడే తెడ్డు భుజాన వేసుకుని మూడో మచ్చు ట్యాంకు దగ్గరికి వస్తున్నాడు. నా కోపం కట్టలు తెంచుకుంది.

"నేను పెట్టను మేడం! నా ట్యాంకు సాఫ్ ఉంది. తప్పు నాది గాదు, ఆ తెడ్డుది!"

వచ్చిన మూడు భాషల్లో అరిచాను. ఎక్కడి పని అక్కడ ఆగింది. సారు నిచ్చెన మొదటి మెట్టు మీద నిలబడిపోయాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. అప్పుడు భయమేసింది. కానీ నోరు జారాక వెనక్కి తీసుకునేదేముంది? మా ఇంటి సంగతి చెప్పాను. పాత లొట్టి, కొత్త లొట్టి, సున్నం, అన్న చెప్పిన మాట. భాయ్ కూడా ఫోర్క్‌లిఫ్ట్ దిగివచ్చి నా పక్కన నిలబడి, ఒక్కో మాటా తెలుగులోంచి ఇంగ్లీషులోకి అందించాడు. గంట కట్టనన్న మనిషి తాడు మాత్రం పట్టుకున్నాడు.

సారు మెట్టు దిగి నా ఎదుటికి వచ్చాడు. తర్వాత, "నిరూపించు" అన్నాడు.

ఆ ట్యాంకులోంచే రెండు పాలక్యాన్లు నింపాం. ఒకదాన్ని ఆయన తెడ్డుతో మూడుసార్లు కలిపాడు. రెండోదాన్ని ఎవరూ ముట్టలేదు. రెండింటికీ మూతలు పెట్టి ఆయన గదిలోనే, బల్ల మీదే పెట్టించాడు. పెద్ద ట్యాంకులోకి ఆ రోజు తెడ్డు దిగలేదు. మూడు రోజులు ఏదో ఒక వంకతో ఆ గది ముందునుంచే తిరిగాను. తప్పు నాదని తేలితే నాతోపాటు నలభై మంది బువ్వ పోతుంది.

మూడో రోజు పొద్దున పిలిచాడు. మేడం, భాయ్, నేను వెళ్ళాం. ముట్టని క్యాను కదలక మెదలక ఉంది. తెడ్డు పెట్టిన క్యాను మూత పైకి లేచి, అంచు చుట్టూ నురగ కారి, బల్ల మీద కాగితాలు తడిశాయి. సారు వాసన చూడలేదు. చూసినా తెలియదు. వంగి క్యాన్‌కు చెవి ఆనించాడు. లోపల రసం బుసబుస పొంగుతోంది. అలాగే కళ్ళు మూసుకుని విన్నాడు. "మా తాత నేలమాళిగలో ఇదే చప్పుడు" అన్నాడు. ఆయన కళ్ళు తడిశాయి, నేను చూశాను. ఏడుస్తాడనుకున్నాను. పకపకా నవ్వాడు. "నూరేళ్ళయినా చావలేదు చూడు!" అన్నాడు.

మేడం ఆ కాగితాన్ని మడిచి చించింది. "సారీ చేట్టా" అంది. వాళ్ళ భాషలో అన్న అని. ఆ ఒక్క మాటకు నా కోపమంతా కరిగిపోయింది.

మూడో మచ్చు వెళ్ళే ముందు ఆయన నన్ను నిచ్చెన ఎక్కమన్నాడు. నా కాళ్ళు వణికాయి. పన్నెండు మెట్లే, కానీ నాకు తాటిచెట్టుతో సమానం. కింద ఆయన నిచ్చెన పట్టుకున్నాడు. ఎక్కి, మూత తీసి, మాస్కు లాగి పీల్చాను. బార్లీ తీపి, పువ్వు చేదు, ఇంకేమీ లేదు. "శుభ్రంగా ఉంది సార్!" అని పైనుంచి అరిచాను. ఈసారి ఆ మాట నిజం.

ల్యాబ్ కాగితం వారంలో వచ్చింది. మత్తు లేదు! అర్బాబు పెద్ద పళ్ళెంతో ఖర్జూరాలు తెచ్చి అందరికీ తనే పంచాడు. భాయ్ ఫోర్క్‌లిఫ్ట్ హారన్ ఆపకుండా మోగించాడు. సారు మొదటి సీసా తెచ్చి నా చేతికిచ్చి, "మీ ఇంట్లో మొదటిది ఏం చేస్తారన్నావు?" అని అడిగాడు. బయటికి పోయి, గేటు పక్క ఖర్జూరం చెట్టు మొదట్లో ఇసుక మీద కొంచెం పోసి ఎల్లమ్మను తలుచుకున్నాను. ఆయన టోపీ తీసి నిలబడ్డాడు. ఆ తర్వాత తన పెద్దన్నకు వీడియో కాల్ చేశాడు. తెల్లజుట్టు మనిషి తెరమీద కనిపించగానే ఫోను నా ముఖం వైపు తిప్పి, భుజం మీద చెయ్యి వేసి, "మన ఇంటి ముక్కు ఇదిగో, ఇక్కడుంది" అన్నాడు. అవతలి మనిషి నవ్వలేదు. నెమ్మదిగా చప్పట్లు కొట్టాడు. తెడ్డు ఇప్పుడు ఆయన గదిలో గోడ మీద, అద్దం వెనక ఉంది. రోజూ పొద్దున లోపలికి వస్తూ దానికి చేయెత్తి పలకరిస్తాడు. నేనిప్పుడు ట్యాంకులు కడగను. వాసన చూస్తాను.

కొన్ని నెలల తర్వాత సెలవు రోజున భాయ్, నేనూ కల్బా వెళ్ళాం. సముద్రం ఒడ్డున చిన్న కిరాణా కొట్టు. ఫ్రిజ్ తలుపు తీస్తే మా సీసాలు వరసగా ఉన్నాయి. కొట్టువాడు మలబారు మనిషి. "ఇది తీసుకో భాయ్, బహుత్ చల్తా హై" అని మా సరుకు మాకే సిఫారసు చేశాడు. నా ఛాతీ గజం వెడల్పయింది. అక్కడే నిలబడి అన్నకు వీడియో కాల్ చేసి సీసా చూపించాను. జరిగిందంతా చెప్పాను. నిచ్చెన సంగతీ, కాళ్ళు వణికిన సంగతీ దాచలేదు.

అన్న చెట్టు దిగి అప్పుడే ఇంటికొచ్చినట్టున్నాడు, భుజాన అయ్య మోకు ఉంది. మోకు తీసి ఫోను ముందు పట్టాడు.

"తమ్మీ, ఇది నీకియ్యలేదని నీ కడుపుల ఉన్నది, నాకెర్కనే. లొట్టిల ఏమున్నదో వాసన జూసి చెప్పెటోడే గౌడు. అయ్య గదే అనేటోడు. ఎక్కుడేముందిరా, కోతి గూడ ఎక్కుతది. వచ్చినప్పుడు తీస్కపో."

కొట్టువాడు సీసాకు డబ్బులడుగుతున్నాడు. నా చూపు తెరమీది మోకును వదల్లేదు. భాయే ఇచ్చాడు.